ఇంట్లో మోగించిన వేటగంట

తన కాలు తానే విరగ్గొట్టుకోవడంలో పెద్ద విశేషం లేదు. ఆ పని ఎవరైనా చేయగలరు. కానీ విరిగిన కాలు అతుక్కునేలోపు, మంచం దిగకుండా, ఒక్క అడుగు వేయకుండా, పక్కనున్న నాలుగు కాళ్ళ జీవిని కూడా దేనికీ పనికిరాకుండా చేయడం అందరి వల్లా అయ్యే పని కాదు. దానికి చదువుండాలి. నాకుండేది. కరీంనగర్‌లో బీయే, రెండో తరగతి. ఇప్పుడు చెప్పబోయేది ఆ చదువు తెచ్చిన నష్టం గురించే. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు. చివరిదాకా ఆగితే జాలిపడాల్సి వస్తుంది. మా ఊళ్ళో అయితే ఎవరూ ఆగలేదు.

డెబ్బైల మొదటి మాట ఇది. కడెం దాటి ఇంకా లోపలికి పోతే అడవి అంచున మా ఊరు. పంట కోతలున్నా పక్కన పెట్టి, ఆదివారాలు పది పన్నెండు మంది జట్టుగా దుప్పుల వేటకు పోయేవాళ్ళం. జట్టుకు పెద్ద మల్లు కాక. ఆయన ఎవరికి నిజంగా కాక అవుతాడో ఎవరికీ తెలియదు కానీ, ఊరంతా కాకా అనే పిలిచేది. అరవై దాటినా చూపు తగ్గలేదు. మాట మాత్రం ఎప్పుడూ తక్కువే. జట్టులో రెండు నాటు తుపాకులు. వాటిని పట్టుకుని ఇద్దరు మాటు వేస్తారు. మిగతావాళ్ళు అటువైపు నుంచి డబ్బాలు కొట్టుకుంటూ వస్తారు. నడుమ పొదల్లో నక్కిన దుప్పిని లేపి, తుపాకుల దిక్కు తోలాల్సింది కుక్క.

ఆ కుక్క నాది. పేరు బాద్షా. గోధుమ రంగు, సన్నని నడుము, అడవిపంది చింపిన ఎడమ చెవి. కన్ను తెరవని పిల్లగా తెచ్చి పెంచాను. నిజం చెప్పాలంటే జట్టులో నాకున్న గౌరవమంతా దానిదే. నేను తుపాకీ పేలిస్తే చెట్లకు తప్ప మరి దేనికీ ప్రమాదం లేదని అందరికీ తెలుసు. అయినా "శీనయ్య వస్తుండా?" అని నాకోసం ఆగేవాళ్ళంటే, బాద్షాను తోలుకుని వచ్చేది నేనే కనుక.

మా జట్టులో రెండు కట్టుబాట్లుండేవి. మొదటిది గంట సంగతి. నడుమెత్తు గడ్డిలో కుక్క కనబడదు కదా, అందుకని వేటకు పోయినప్పుడు దాని మెడకు చిన్న ఇత్తడి గంట కడతారు. ఆ చప్పుడును బట్టి కుక్క ఎక్కడుందో తెలుస్తుంది, తుపాకీ అటు తిరగదు. వేట కాగానే గంట నాలుకకు గుడ్డ చుట్టి ఇంట్లో గూటానికి వేలాడదీయాలి. వేటగంట ఇంట్లో మోగొద్దు. ఎందుకు మోగొద్దో కాక ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండో కట్టుబాటు: వేటకుక్క ఒక కాలమంతా ఊరికే పండుకోవద్దు. పెంచినవాడు తోలుకుని రాలేకపోతే, జట్టులో నడవగలిగే మరొకనికి దాన్ని ఇచ్చేయాలి.

ఇక కాలు సంగతి. ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఒక దుప్పి పడింది. నా తుపాకీకే పడిందనుకుని సంబరంగా మంచె దిగాను. నిచ్చెన లేని వైపు నుంచి దిగాను. దుప్పిని కొట్టింది నేను కాదని పడుతున్నప్పుడే తెలిసింది కానీ, అప్పటికి వెనక్కి ఎక్కే వీలు లేదు.

కట్టు కట్టే ముసలాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి, మినప్పిండి, గుడ్డుసొన పూసి బిగించి, మూడు నెలలు కదలొద్దన్నాడు. అవి ఐదయ్యాయి. కాలు అతుక్కున్నది, కాదనను. కాకపోతే పూర్వం ముందుకు చూసే పాదం ఇప్పుడు కొంచెం ఎడమకు, ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తుంది.

ఆ ఐదు నెలలు ముందరి అర్రలో మంచం మీద నేను, మంచం కింద బాద్షా. నా భార్య సరోజ పెరట్లో గొడ్ల దగ్గర ఉండేది. మంచినీళ్ళు కావాలన్నా, చాయ్ కావాలన్నా నేను కేకేయాలి. నాలుగు రోజులకే గొంతు పోయింది. అప్పుడు గూటానికి వేలాడుతున్న గంట కనబడింది. కర్రతో అందుకుని, గుడ్డ విప్పుతుంటే సరోజ చూసింది.

"గంటెందుకు దీస్తున్నవ్? కాక వద్దన్నడు గదా?"

"ఇల్లేదో అడవేదో గంటకు ఎరుకైతదానె? గిదంతా ఉత్త భయం."

"ఏమో, నాకేం తెల్సు? బీయే చదివింది నువ్వు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందని నాకు తట్టలేదు. మెచ్చుకుందనుకున్నాను.

ఏర్పాటు చక్కగా కుదిరింది. గంట మోగిస్తాను, సరోజ చాయ్ తెస్తుంది. చాయ్‌తో రెండు రస్కులు. ఒకటి నాకు, ఒకటి బాద్షాకు. రోజుకు నాలుగుసార్లు. నెల తిరిగేసరికి గంట మోగిందంటే చాలు, బాద్షా మంచం కింద నుంచి వచ్చి, ముందుకాళ్ళు రెండూ జతగా పెట్టి, మెడ నిలబెట్టి, వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. పెళ్ళిపంక్తిలో పెద్దమనిషి కూడా అంత ఓపికగా కూర్చోడు. నన్ను చూడవచ్చినవాళ్ళందరికీ గంట మోగించి చూపించాను. "ఎంత బుద్ధిమంతుడో చూసిండ్రా?" అని మురిసిపోయాను. పాఠకులు ఇక్కడ ఏదో అనుమానిస్తూ ఉండవచ్చు. నాకు మాత్రం ఏ అనుమానమూ రాలేదు. ముందే చెప్పాను కదా, రెండో తరగతి.

దసరా పోయాక ఒకరోజు మల్లు కాక ఇంటికి వచ్చాడు. వెంట లచ్చన్న. లచ్చన్న నాకు వరుసకు బావ, జట్టులో అందరికంటే గట్టిగా ఉరికేవాడు, బాద్షా మీద రెండేళ్ళుగా కన్నేసినవాడు. వాళ్ళను చూడగానే గంటను గబగబా గుడ్డలో చుట్టి తలగడ కింద దాచాను.

"కాలెట్లున్నది?" అన్నాడు కాక.

"మంచిగైంది కాకా."

"నడువు, జూస్త."

మంచం నుంచి గుంజ దాకా నడిచాను. కాక ఆ నడక మొత్తం చూశాడు. మధ్యలో తమలపాకులకు సున్నం రాసుకుని, మడిచి, నోట్లో పెట్టుకున్నాడు. నేనింకా గుంజ దగ్గరికి చేరలేదు.

"కుక్క పండుకొని ఐదు నెలలాయె" అన్నాడు కాక. "ఇగ లచ్చన్న తోల్కపోతడు."

"బావా, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాడు లచ్చన్న. "మా ఇంటి ముందట సాయబాన్ల జాగ జూసిన. గోనెసంచి గూడ పర్చిన. నీకన్న మంచిగ జూస్కుంట."

మంచం కింద బాద్షా తోక నేలకు కొట్టుకుంటున్నది. దానికి మా మాటలు తెలియవు. ఐదు నెలలుగా ఊళ్ళో నన్ను చూడవచ్చినవాళ్ళంతా వచ్చి, రెండు మాటలు చెప్పి, పోయారు. పోనిది అదొక్కటే.

"కాకా, నేనొస్త. ఈ ఐతారం నేనే తోల్కొస్త."

"నువ్వొస్తవ్. కాలు?"

"అది గూడ ఒస్తది కాకా."

లచ్చన్న కిసుక్కుమన్నాడు. కాక నవ్వలేదు. లేచి కండువా దులుపుకున్నాడు.

"ఒక్క వేట. గది దుప్పిని లేపి తుపాకి దిక్కు తోలిందా, కుక్క నీది. తోలలే, లచ్చన్నది. మల్ల నా ఇంటికొచ్చి పంచాది వెట్టద్దు."

ఆదివారం పొద్దున జట్టు ఆరు గంటలకు అడవి చేరింది. నేను ఏడున్నరకు చేరాను. చేతికర్ర ఒకవైపు, బాద్షా ఒకవైపు. అది నాకంటే ముందుకు పోకుండా, నేను ఆగినప్పుడల్లా ఆగుతూ వచ్చింది. కాక నా చేతిలో గంట తీసుకుని చూశాడు.

"కొత్త గుడ్డ చుట్టినవా?"

"పాతది చినిగింది కాకా."

పెద్ద అబద్ధం కాదు. గుడ్డ నిజంగానే చినిగింది. ఎవరు చింపారన్నది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

డబ్బాలు కొట్టేవాళ్ళు వాగు అవతలికి పోయారు. కాక గంట కట్టి, బాద్షా వీపు మీద తట్టి, "ఛూ!" అన్నాడు. బాద్షా ముందుకు దూకింది. మెడలో గంట ఖణ్‌మన్నది. బాద్షా కూర్చుంది.

ముందుకాళ్ళు రెండూ జతగా పెట్టింది. మెడ నిలబెట్టింది.

"ఏమాయెరా దీనికి?" అన్నాడు కాక.

"వాసన పడ్తుంది కాకా" అన్నాను.

"కూసోని పడ్తదా?"

"కొన్ని కుక్కలు పడ్తయ్ కాకా."

కాక మళ్ళీ "ఛూ!" అన్నాడు. బాద్షా లేచి ఒక అడుగు వేసింది. ఖణ్. కూర్చుంది. మళ్ళీ లేచింది, అడుగు వేసింది, ఖణ్, కూర్చుంది. అట్లా మా కళ్ళముందే ఆ వేటకుక్క బారెడు నేల దాటడానికి ఎనిమిదిసార్లు కూర్చుంది. మొలకు మొక్కు ముడుపు కట్టుకుని కొండెక్కే ముసలమ్మలు ఇంతకన్నా వేగంగా పోతారు.

"బావా" అన్నాడు లచ్చన్న, "గది దుప్పి దిక్కు జూస్తలేదు. నీ దిక్కు జూస్తుంది. నీ సంచిల ఏమన్న తెచ్చినవా?"

సంచిలో ఏమీ లేదు. అయితే వంటింటి గుమ్మం కూడా ఆ అడవిలో ఎక్కడా లేదు. అందుకని అది నా ముఖం చూస్తున్నది. రస్కు వచ్చేది ఎటువైపు నుంచి అన్నట్టు, ఎంతో నమ్మకంగా చూస్తున్నది.

అప్పుడు అర్థమైంది నాకు. గుండె జారి, ఆ వంకర కాల్లోకి దిగిపోయినట్టయింది. ఐదు నెలలు, రోజుకు నాలుగుసార్లు, మంచం మీద పడుకుని నేను దానికి ఏ పాఠం చెప్పానో అప్పుడు తెలిసింది. నా జీవితంలో నేను ఎవరికైనా ఏదైనా పూర్తిగా నేర్పించగలిగానంటే ఆ ఒక్కటే.

"కాకా, గంట దీసేద్దాం" అన్నాను.

"తీస్తే యాడున్నదో ఎట్ల ఎరుకైతది? గుడ్డిగ తుపాకి పేల్చాల్నా? దానికి తాకితే?"

"నేను దాని ఎనకనే ఉరుకుత. 'కుక్క ఈడున్నది' అని ఒర్రుకుంట ఉరుకుత."

కాక, లచ్చన్న, తుపాకీ పట్టుకున్న ఇంకొకాయన, ముగ్గురూ నా కాలు వైపు చూశారు. కాలు ఎడమకు చూస్తున్నది.

"గంట లేకుంటె కట్టుబాటు తప్పినట్టు" అన్నాడు కాక. తుపాకీ తీసుకుని మంచె వైపు తిరిగాడు. "సరే. ఏమన్నయితే నీదే పూచీ. ఉరుకు."

గంట విప్పి, నాలుకకు చుట్టడానికి గుడ్డ వెతికితే కనబడలేదు. రెండు మోదుగాకులు కుక్కి అంగీ జేబులో వేసుకున్నాను. బాద్షా ఒకసారి తల విదిల్చింది. మెడలో చప్పుడు లేదు. ఇంకోసారి విదిల్చింది. అంతే, పోయింది!

పోవడమంటే అదీ. ఐదు నెలల మంచం కింది బతుకు ఒక్క దూకుతో దులిపేసుకుంది. గడ్డి రెండుగా చీలిపోతుంటే వెనక నేను. నా ఉరుకును చూసినవాళ్ళు తర్వాత చాలా రోజులు నాకు దాన్ని చేసి చూపించారు కనుక వర్ణించను. "కుక్క ఈడున్నదీ! కుక్క ఈడున్నదీ!" అని ఒర్రుతున్నాను. నిజానికి కుక్క అక్కడ లేదు, ఎప్పుడో ముందుకు పోయింది. అక్కడున్నది నేనే.

వెదురు పొద అవతల దుప్పి లేచింది. కొమ్ముల పోతు. వీపు మీద చుక్కలు ఎండలో మెరిశాయి. దాని వెనక పది అడుగుల్లో బాద్షా. ఎంత అందంగా మలిపిందనుకున్నారు! ఒక పక్క నుంచి కోసుకుపోయి, వాగు వైపు పోనీయకుండా తిప్పి, నేరుగా కాక మాటు దిక్కు తోలుతున్నది. ఇంకో రెండు క్షణాలు. కాక తుపాకీ ఎత్తాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాదే! కుక్క నాదే!" అని అరిచాను.

అరుస్తున్నప్పుడు నేను ముందుకు చూశాను. కాలు ఎడమకు చూసింది. ఎడమకు టేకు మొద్దు ఉంది.

పడ్డాను. పడటం నాకు అలవాటైన పనే కనుక దెబ్బ పెద్దగా తగలలేదు. కానీ జేబులోని గంట ఎగిరి రాతి బండ మీద పడింది. మోదుగాకులు ఎటు పోయాయో, గంట ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి దొర్లుతూ పోయింది. ఖణ్. ఖణ్. ఖణ ఖణ ఖణ్.

బాద్షా ఆగిపోయింది.

దుప్పి తోక దానికి జానెడు దూరంలో ఉంది. ఆగి, వెనక్కి తిరిగి, పోయినంత జోరుగా తిరిగి వచ్చి, బోర్లా పడ్డ నా తల పక్కన కూర్చుంది. ముందుకాళ్ళు జతగా పెట్టింది. మనిషి పడుకుని ఉండగా గంట మోగితే చాయ్ వస్తుందన్నదే దానికి తెలిసిన లోకం.

దుప్పి కూడా ఆగింది. తనను ఇంతసేపు చచ్చేట్టు తరిమిన జంతువు ఉన్నట్టుండి ఎందుకు కూర్చున్నదో దానికీ అంతుపట్టినట్టు లేదు. మమ్మల్నిద్దరినీ కాసేపు చూసింది. కాకకు తుపాకీ పేల్చే వీలు లేదు, దుప్పికి సరిగ్గా వెనకే మేమున్నాం. చూసినంతసేపు చూసి, దుప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఉరకలేదు. ఉరకాల్సినంత అవసరం దానికి కనబడలేదు.

కాక దిగి వచ్చాడు. గంట తీసుకున్నాడు. లోపలి అంచు నాలుక తగిలి తగిలి అరిగి, కొత్త ఇత్తడిలా మెరుస్తున్నది. ఒకసారి మోగించాడు. అప్పటికే కూర్చుని ఉన్న బాద్షా ఇంకొంచెం నిటారుగా సర్దుకుంది.

"ఇంట్ల మోగిచ్చినవ్" అన్నాడు. అడగలేదు, చెప్పాడు.

"చాయ్ కోసం కాకా."

"చాయ్ కోసం."

డబ్బాలవాళ్ళు కూడా వచ్చేశారు. ఒకరికొకరు చెప్పుకున్నారు. నవ్వు మొదలైంది. ఒకతను చెట్టును పట్టుకుని నవ్వాడు, ఇంకొకతను చెట్టు దొరక్క కింద కూర్చుని నవ్వాడు. కాక ఒక్కడే నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే బాగుండేది.

"ఇంట్ల మోగద్దన్నది దేవునికి కోపమొస్తదని కాదురా" అన్నాడు మెల్లగా. "గంటంటే కుక్కకు అడవే యాదికి రావాలె. ఇల్లు యాదికి రావద్దు. గంతే. నువ్వడిగితే చెప్పకపోదునా?"

అడగడం నాకు తోచని సంగతి.

"లచ్చన్నా, తోల్కపో" అన్నాడు కాక.

నేను లేవబోయి లేవలేక, కూర్చునే బాద్షా మెడ చుట్టూ చేయి వేశాను. "కాకా, నీ కాళ్ళు మొక్కుత. వేటకు రాను. దీన్ని మాత్రం నా దగ్గరుండనియ్యి."

"మాట మాటే."

లచ్చన్న ముందుకు వచ్చాడు. బాద్షా వైపు చూశాడు. బాద్షా ఆయన చేతుల వైపు చూసింది, ఏమైనా తెచ్చాడేమోనని.

"బావా, ఒక్కటడుగుత. రోజుకు ఎన్నిపాల్ల చాయ్?"

"నాలుగు."

"రస్కుతోని?"

"రస్కుతోనే."

"బెల్లం చాయ్ తాగుతదా?"

"తాగదు. చక్కెరదే."

లచ్చన్న వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "కాకా, మా ఇంట్ల నాకే దినాం ఒక్కపాలి దొరుకుతది, గది గూడ బెల్లంది. నేను పనికి పోతే నా పెండ్లాం దీనికి చాయ్ కాసుకుంట కూసుంటదా? నాకద్దు." ఒక అడుగు వెనక్కి వేశాడు. "బావా, నువ్వే ఉంచుకో. గోనెసంచి గూడ పంపిస్త తియ్."

కాక మిగతావాళ్ళ వైపు చూశాడు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆ అడవిలో, ఆ పూట, రెండేళ్ళుగా అందరూ ఆశపడిన కుక్కను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు.

"అయితే నీదే" అన్నాడు కాక. "ఇద్దరు ఇంట్లనే ఉండుండ్రి."

నేను గెలిచాను. కోరుకున్నది దొరికింది. అంత దిగులుగా గెలిచినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మేమిద్దరం వెనక్కి బయలుదేరాం. కొంతదూరం వచ్చాక, వెనక వాగు అవతల డబ్బాల మోత మళ్ళీ మొదలైంది. బాద్షా ఆగింది. ఉన్న ఒక్క మంచి చెవి నిక్కింది, చిరిగిన చెవి కూడా లేవబోయింది. ఒళ్ళంతా వణికింది. "పో" అన్నాను. "పోరా, నేనేమనను." అది నన్ను చూసింది, అడవిని చూసింది, తర్వాత తల దించుకుని నా కర్ర పక్కన నడిచింది. మాట్లాడితే వినాల్సింది అదొక్కటే, దానికి చెప్పడానికి నాకు ముఖం లేదు.

మరుసటి ఏడు సర్కారు వేటను బందు పెట్టింది. అడవిశాఖ నుంచి జంగ్లాతు ఆఫీసరొకాయన వచ్చి, జనాన్ని పిలిపించి, దుప్పిని తరిమినా, కొట్టినా జైలేనని చదివి వినిపించాడు. జట్టంతా తలలు పట్టుకుని కూర్చుంది. నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. ఆఫీసరు మురిసిపోయి, "చూశారా, ఊరికి చదువుకున్నవాడు ఒకడుంటే ఎంత మేలో!" అన్నాడు.

"సారూ" అన్నాడు మల్లు కాక, "మీ చట్టం ఇయ్యాల వచ్చింది. మా ఊర్ల వీడు నిరుడే పెట్టిండు."

కనుక, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో వేటకు పోను. ఎవరైనా వచ్చి నా కాలు సరిచేసి, నా కుక్క బుద్ధి మరల్చి, సర్కారు చట్టం రద్దు చేయించి, మల్లు కాక చేత "రారా" అనిపించినా పోను. ఇంత కఠినమైన ప్రమాణం నిలబెట్టుకోగలవా అని ఎవరూ సందేహించనక్కరలేదు. ఆ నాలుగింటిలో ఒక్కటీ జరగలేదు.